మోకాలి మీద ముగ్గురు

టప్... టప్... టప్...

సిమెంటు రోడ్డు మీద అడుగులు. అప్పుడే తెల్లవారుతోంది. పొగమంచు గొంతులోకి తడిగా దిగుతోంది. మూతపడ్డ మిల్లు గోడ పక్కన అతను పరుగెత్తుతున్నాడు. నూట పన్నెండు కిలోల మనిషి. నలభై రెండేళ్ళ మనిషి.

కుడి మోకాలిలో, చిప్ప కింద, సన్నగా ఏదో నలుగుతోంది — అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు.

వినపడింది.

విననట్టే పరుగెత్తాడు.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అన్నదీ అదే పని. ఒకే కంపెనీ, ఒకే రంగు చొక్కా, ఒకే ఒడ్డూ పొడుగూ. లిఫ్టు ఆగిపోతేనే వాళ్ళకు కబురు వస్తుంది. కనుక ఎక్కడికి వెళ్ళినా మెట్లే గతి. "ఊరందరినీ ఎక్కిస్తాం, మనల్ని ఎక్కించే నాథుడే లేడురా గున్నా" అని నవ్వేవాడు అన్న. గున్న ఏనుగులా ఉన్నాడని చిన్నప్పుడు ఆ పేరు పెట్టిందీ అన్నే.

కిందటేడు ఒక మధ్యాహ్నం అన్న పనిముట్ల సంచీ పక్కన పెట్టి, ఎనిమిదో అంతస్తు మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు.

లేవలేదు.

గుండె అన్నారు. బరువు అన్నారు. నలభై ఆరేళ్ళే కదా అన్నారు.

"నీ గుండెకి ఇప్పటికైతే ఏం లేదు" అంది డాక్టరమ్మ, గున్న కాగితాలు తిరగేస్తూ. "బరువు తగ్గించు. మెల్లగా."

మెల్లగా అనే మాట అతని చెవికెక్కలేదు.

మర్నాడే మొదలుపెట్టాడు. అన్న బూట్లు వేసుకున్నాడు. ఒక అంగుళం పెద్దవి. లేసులు బిగించి కట్టాడు. రోజూ రెండు మైళ్ళు. ఒళ్ళు నొప్పులన్నా ఆగలేదు, వానన్నా ఆగలేదు. పొగమంచులో తన వెనక ఎవరో వస్తున్నట్టుండేది... ఆగితే అందుకుంటారేమో అనిపించేది.

ఆగలేదు.

మోకాలు వెచ్చబడింది. తర్వాత బిగుసుకుంది. మెట్లు దిగుతుంటే సూదిలా పొడిచింది. ఇరవయ్యో రోజున చిప్ప ఎక్కడుందో కనబడనంతగా ఉబ్బింది.

వదిన వచ్చింది. పక్క వీధిలోనే ఉంటుంది. ఆసుపత్రిలో కాళ్ళకీ కీళ్ళకీ వ్యాయామం చేయించే గదిలో పద్నాలుగేళ్ళుగా ఆయా. పేరుకే ఆయా. ఆమె చేతికి తెలియని మోకాలు లేదు.

నీళ్ళ తిత్తిని పట్టుకున్నట్టు ఆ మోకాలిని రెండు చేతులా పట్టుకుంది. ఒత్తి చూసింది. పెదవి విరిచింది.

"పరిగెత్తేటప్పుడు అడుగు పడ్డ ప్రతిసారీ మోకాలి మీద ఎంత బరువు పడుతుందో తెలుసా? నీలాంటోళ్ళు ముగ్గురు ఎక్కి కూర్చున్నట్టు. ఇరవై రోజులు మోసింది పాపం."

అప్పుడు ఆమె కళ్ళు గుమ్మం వైపు వెళ్ళాయి.

బూట్లు. మడమ దగ్గర బయటి అంచు అరిగి, ఒక పక్కకి ఒరిగిన బూట్లు. ఆ అరుగుదల ఎవరిదో ఆమెకు తెలుసు.

వెళ్ళి వాటిని చేతిలోకి తీసుకుంది.

"ఆయన నడక ఆయనది" అంది. "నీ పాదానికి సరిపోయేవి కొనుక్కో."

బూట్లు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

వాపు తగ్గేదాకా పరుగు మాటే లేదు. ఆ తర్వాత బడి మైదానం. మట్టి నేల, మంచుకు తడిసిన నేల. రెండు నిమిషాల నడక, అర నిమిషం పరుగు. అంగలు పొట్టిగా. పక్కన మనిషితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. రోజు విడిచి రోజు. మధ్య రోజున గోడకు వీపు ఆనించి కొంచెంగా కిందికి జారడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం. తొడ గట్టిపడితే మోకాలికి తోడు దొరుకుతుందంది వదిన. ఆమె చూస్తూ నిలబడేది, కొంగు తలమీదుగా కప్పుకుని.

"మెట్లు?" అన్నాడు.

"నేను చెప్పేదాకా వద్దు."

కంపెనీవాళ్ళు కింది అంతస్తు పనులే ఇచ్చారు. రెండు నెలలు. నాలుగు కిలోలు తగ్గాడు. మోకాలు మాట్లాడటం మానేసింది.

ఆ నిశ్శబ్దానికే అతనికి భయం వేసేది.

ఒక రోజు పదకొండు గంటలకి ఫోను. పదంతస్తుల మేడ. ఆరుకీ ఏడుకీ మధ్య ఇరుక్కుపోయిన లిఫ్టు. లోపల ఒక టీచరమ్మ, ఒంటరిగా. రెండో మెకానిక్కు సెలవులో ఉన్నాడు. దాన్ని కదిలించే మెషీను గది పైకప్పు మీద.

అతను మెట్ల వైపు చూశాడు. మెట్లు పైకి, చీకట్లోకి మెలితిరిగి వెళ్ళాయి.

పైనుంచి తలుపు మీద కొడుతున్న చప్పుడు...

ఎక్కాడు. మంచి కాలు ముందు, చెడ్డ కాలు వెనక. కమ్మీ పట్టుకుని. ఒక్కో మెట్టూ. మూడో అంతస్తు. నాలుగు. ఆరో అంతస్తులో తలుపుకి నోరు ఆనించి, "వస్తున్నానమ్మా" అన్నాడు. జవాబుగా ఒక్క దెబ్బ. ఏడు. ఎనిమిది. ఎనిమిది దగ్గర కళ్ళు మూసుకుని దాటాడు. చెమట కళ్ళలోకి కారింది. ఛాతీ కొలిమి తిత్తిలా ఎగిసింది.

పైన కరెంటు ఆపి, చక్రం చేత్తో తిప్పి, లిఫ్టును అంగుళం అంగుళంగా ఏడో అంతస్తుకి తెచ్చాడు. మళ్ళీ దిగాడు — చెడ్డ కాలు ముందు. తలుపు తీశాడు.

టీచరమ్మ బయటికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"ఇంతసేపా బాబూ?"

అతను సంచీ పక్కన పెట్టి, మెట్టు మీద కూర్చున్నాడు.

ఆమె అతని వైపు వంగింది. "ఏంటలా కూర్చుండిపోయావ్? ఎక్కడ నొప్పి?"

అతను చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. విన్నాడు. దడదడ... దడదడ... మెల్లగా దిగుతోంది. దిగింది.

"మోకాలమ్మా" అన్నాడు. ఏడుపో నవ్వో తెలియని గొంతు. "మోకాలే."

సాయంత్రం వదిన తడి గుడ్డలో మంచుముక్కలు చుట్టి మోకాలి మీద పెట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"ఇప్పుడేం చూసినా తెలీదు. నీరు పట్టేదుంటే పొద్దుటికి పడుతుంది. పడుకో."

తెల్లవారింది.

కిటికీ బయట పొగమంచు, తెల్లగా, ఏమీ చెప్పకుండా. అతను మంచం అంచున కూర్చున్నాడు. దుప్పటి ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. తీసి చూడలేదు.

గేటు దగ్గర చెప్పుల చప్పుడు. ఆగింది.

"గున్నా... లేచావా?"

అతను కుడి పాదం కిందికి దించాడు. చల్లదనం అరికాలికి తగిలింది. నేల ఇంకా తగల్లేదు.

బరువు ఆనిస్తే తెలిసిపోతుంది. అక్కడే ఆపాడు.