అర్థం అడక్కూడదు

ఆరోగ్య కేంద్రం బల్ల మీద కూర్చుని, ఎదుటి గోడ మీది దోమతెరల ప్రకటనలో ఇంగ్లీషు అక్షరాలను విడదీసి, తిరగేసి, కొత్త మాటలు కడుతున్నాడు ముడియాగా. పక్కన అతని భార్య రుకెవ్వె మోకాళ్ళ మీద చేతులాన్చి ముందుకు వంగి కూర్చుంది. వారం నుంచి ఆమె పడుకోలేకపోతోంది; వాలితే ఊపిరాడదు. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. మార్కెట్ మూలన బొగ్గుల కుంపటి మీద అరటికాయలూ చేపలూ కాల్చి అమ్మే మనిషికి దగ్గు రాక ఏమొస్తుందని అతని అభిప్రాయం.

అక్షరాల బిళ్ళలతో మాటలు కట్టే స్క్రాబుల్ ఆటలో సపేలే ఊరి జట్టుకు శిక్షకుడు ముడియాగా. ఒకప్పుడు లేగోస్‌లో జాతీయ పోటీల్లో మూడో స్థానం వచ్చింది. అప్పుడిచ్చిన ఆకుపచ్చ కోటు మోచేతుల దగ్గర చిరిగినా, ఎండలు మండిపోతున్నా, విప్పడు. నిఘంటువులో సగానికి పైగా కంఠస్థం. అందులో చాలా మాటలకు అర్థం తెలియదు, తెలుసుకోడు. అర్థాలు బడిపంతుళ్ళకూ ఓడిపోయేవాళ్ళకూ అని అతని సిద్ధాంతం. ప్రభుత్వ జీతం నెలల తరబడి రాకపోతే ఇల్లు గడిచేది రుకెవ్వె కుంపటి వల్లనే. అయినా ఆమెకు ఇంగ్లీషులో రెండు అక్షరాలు కలపడం రాదని నలుగురిలో చెప్పి నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది.

కుర్ర డాక్టరమ్మ రుకెవ్వె వీపు మీద చెవిగొట్టం చాలాసేపు ఆన్చి ఉంచింది. తర్వాత ఆమెతో కాక కోటు వేసుకున్న మనిషితో మాట్లాడింది.

"రెండు పక్కలా రేల్స్ ఉన్నాయి సార్. అంటే తెలుసుగా?"

ముడియాగా నవ్వాడు. రేల్స్! లేజర్లో ఉన్న అక్షరాలే. "నన్నా అడుగుతున్నారు? మీరు పుట్టకముందు నుంచీ తెలుసు."

"అయితే వేరే చెప్పక్కర్లేదు. ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి."

"చూద్దాం లెండి."

బయటికి వచ్చాక రుకెవ్వె గోడ పట్టుకుని ఆగింది. "ఏమందయ్యా?"

"పొగ పట్టిందంట. అల్లం కాచుకుని తాగు." ఆమెను ఆటో ఎక్కించి, తను స్టేడియం వైపు నడిచాడు. పెద్దాసుపత్రి ఎక్కడికీ పోదు. రాష్ట్ర జట్టు ఎంపిక మాత్రం దగ్గర పడింది.

క్లబ్బు గది స్టేడియం మెట్ల కింద ఉంటుంది. లోపలికి వచ్చినవాళ్ళు ఫోన్ల మోత ఆపి బుట్టలో పడేయాలి. ఆ నియమం పెట్టింది ముడియాగానే కాబట్టి తనదీ పడేశాడు. పొద్దుటి మాట ఇంకా నాలుక మీదే ఉంది. ఎ, ఈ, ఎల్, ఆర్, ఎస్ బిళ్ళలు బోర్డు మీద పరిచాడు.

"ఊఁ, కట్టండి."

"లేజర్," అన్నాడు ఓవియె. జట్టులో కాస్త చురుకైనవాడు అతనే. "ఎర్ల్స్. రియల్స్."

"అంతేనా? పొద్దున్న గంజి తాగొచ్చారా, గాలి తాగొచ్చారా? ఆర్ల్స్! లేరీజ్! రేల్స్!"

"లేరీజ్ అంటే ఏంటి ఓగా?" అన్నాడు ఓవియె. గురువుగారిని జట్టంతా ఓగా అనే పిలుస్తుంది.

"ఎందుకురా, పెళ్ళి చేసుకుంటావా దాన్ని?"

అందరూ నవ్వారు. వెనక బల్ల మీద నుంచి ఎబియెరె నెమ్మదిగా అంది: "ఇంటి దేవుళ్ళు. పూర్వం రోము వాళ్ళ ఇలవేల్పులు. ఆర్ల్స్ అంటే బేరం కుదిరాక ముందిచ్చే బయానా." ఎబియెరె ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా చేసి మానేసిన మనిషి. ప్రతి మాటకూ అర్థం వెతుక్కుంటుందని ముడియాగాకు ఆమెను చూస్తే ఒళ్ళు మంట.

"వచ్చిందండీ పంతులమ్మ! అందుకే నీకు ఒక్క కప్పూ రాలేదు."

"రాకపోతే పోయె. నోట్లో పెట్టుకున్నదాని రుచి తెలియాలిగా ఓగా."

"అలాగా? అయితే రేల్స్ రుచేమిటో చెప్పు మరి, మేమూ చప్పరిస్తాం!"

ఎబియెరె నవ్వలేదు. "అది చప్పుడు ఓగా. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే లోపల చిటపటలాడుతుంది. గుండె పట్టు తప్పినవాళ్ళకి వస్తుంది. రెండు పక్కలా వినిపించిందంటే మేం ముద్ద వదిలేసి పరిగెత్తేవాళ్ళం."

నవ్వడానికి సిద్ధంగా ఉన్న ఓవియె, ముడియాగా ముఖం చూసి ఆగిపోయాడు.

"నీరంటే... మామూలు నీరేనా?" అన్నాడు ముడియాగా.

"మునిగిపోయినట్టే ఓగా. ఎవరికి?"

అతను బుట్టలో ఫోను వెతకబోతే చేతికి అందరివీ తగిలాయి గానీ తనది దొరకలేదు. ఓవియె తీసి ఇచ్చాడు. తెరిస్తే, ఇంటి దగ్గర నుంచి వచ్చిన కాల్స్ వరసగా ఉన్నాయి.

ఇంటి ముందు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆటో ఆగగానే మాటలు ఆపేశారు. పక్కింటావిడ, వోకె తల్లి, నడుముకు గుడ్డ బిగించుకుని ఎదురొచ్చింది.

"ఎంతసేపు పిలిచామయ్యా నిన్ను! ఆటో తెచ్చేలోపే అయిపోయింది. కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది." కళ్ళు తుడుచుకుంది. "నేనప్పుడే అడిగాను, డాక్టరమ్మ ఏమందే అని. 'ఇంగ్లీషులో ఏదో అంది, ఆ మాట మా ఆయనకి తెలుసు, విని నవ్వాడు, కాబట్టి భయం లేదు' అంది నీ పెళ్ళాం."

ముడియాగా కోటు విప్పాడు. విప్పినదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ అందుకోలేదు. లోపల రుకెవ్వెను చాప మీద పడుకోబెట్టారు. ఇప్పుడామె వెల్లకిలా పడుకోగలిగింది.

వసారాలో ఆమె కూర్చున్న పీట ముందు పళ్ళెం ఇంకా అక్కడే ఉంది. రాత్రి పులుసు కోసం ఒలుస్తున్న ఎగుసి పుచ్చగింజలు, ఒలిచినవి ఒక పక్క, ఒలవాల్సినవి ఒక పక్క. మధ్యలో ఒక గింజకు పెంకు సగమే విడింది.