అది మీ బండికి పడదు

నా యూనిఫామ్ ఉతకడం ఒక పెద్ద తతంగం. విడిగా నానబెట్టాలి, మిగతా బట్టలకు దూరంగా ఆరేయాలి. మా అత్తగారికి పెట్రోలు వాసన గిట్టదు. "మగాడి ఒంటిమీద ఆ వాసనుంటే కష్టపడి వచ్చాడనుకుంటాం. ఆడదాని ఒంటిమీదేమిటమ్మా" అంటుంది, నేను కాల్చిన రొట్టె తింటూ. మా ఆయన దార్సి అటు తిరిగి పడుకుంటాడు. ఆవిడ మా దగ్గరే ఉండిపోతానన్నప్పుడు, ఉన్న రెండు గదుల్లో ఎలా సాగుతుందని అతనితో ఒక్కసారి అన్నాను. "సర్దుకుందాంలే లొరేని" అన్నాడు. సర్దింది నేను. నా కుట్టుమిషను వసారాలోకి ఈడ్చి, ఆ జాగాలో ఆవిడకు మంచం వేసిందీ నేనే.

పదకొండేళ్లుగా సరిహద్దులో, ఉరుగ్వయానా వంతెన దగ్గర బంకులో పెట్రోలు పోస్తున్నాను. మాకు ఎండాకాలమైన జనవరి వచ్చిందంటే అర్జెంటీనా కార్లు బారులు తీరతాయి. అందరూ మా బ్రెజిల్ సముద్రానికే. వాళ్ల పెట్రోలు వేరు, మాది వేరు. మా దాంట్లో కొంత చెరకు ఆల్కహాలు కలిసే ఉంటుంది; ఆ మాత్రం వాళ్ల బండ్లు ఓర్చుకుంటాయి. కానీ పక్క పంపులో ఉండేది అచ్చంగా ఆల్కహాలు. అందుకు తగ్గట్టు చేసిన మా కార్లకే అది పనికొస్తుంది. చవక కదా, చాలామంది కళ్లు దానిమీదే పడతాయి.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం ఒక పాత బూడిదరంగు కారు సరిగ్గా ఆ పంపు దగ్గరే ఆగింది. నడిపేది అరవై ఏళ్ల పెద్దమనిషి. పక్కన భార్య, ఒళ్లో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతె అనే ఆకుతేనీరు తాగే సొరబుర్ర.

"నిండా కొట్టు. ఇదే" అన్నాడాయన.

"ఇది ఆల్కహాలు సార్. మీ బండికి పడదు. అటు పంపులోది పోస్తాను."

"నలభై ఏళ్లుగా నడుపుతున్నాను. మగవాళ్లెవరైనా ఉంటే పిలువమ్మా."

భార్య మెల్లగా, "ఆవిడ చెప్పేది నిజమేమో ఓస్వాల్దో" అంది.

"నువ్వు మాతె పొయ్యి, గ్రిసెల్దా."

ఆవిడ తల వంచుకుని బుర్రలో నీళ్లు పోసింది. మా సూపర్‌వైజరు సెజార్ వచ్చాడు. బంకులో చేరి ఏడాది కాలేదు. నేను మళ్లీ చెప్పబోతుంటే, "వెనక ఎన్ని బండ్లున్నాయో చూడు. కస్టమరు అడిగింది పోసెయ్" అని వెళ్లిపోయాడు. పోశాను. దాదాపు ఖాళీగా ఉన్న ట్యాంకు నిండేదాకా, పాడవుతుందని తెలిసే, గొట్టం పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ అద్దంలోంచి నా చేతినే చూస్తోంది.

రెండు గంటల తరవాత బియ్యం లారీ ఒకటి ఆగింది. అందులోంచి ఆవిడ దిగింది. చెప్పుల నిండా ఎర్రదుమ్ము, చేతిలో ఖాళీ డబ్బా.

"ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. ఇక కదలడం లేదు" అంది.

"ఆయనో?"

"చెట్టు కింద కూర్చున్నారు. ఎవరో ఒకరు సామాను చూడాలిగా."

కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. ట్యాంకు ఖాళీ చేయించాలని, అటు పంపులోది పోయించాలని చెప్పాను. మెకానిక్‌కి కబురు పెట్టి, డబ్బాలో ఆ పెట్రోలు నింపాను. ఆవిడ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, "నాకు తెలుసు. బయల్దేరే ముందే చదివాను. దారిలో మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చెబితే ప్రయాణమంతా మొహం ముడుచుకుంటారని ఊరుకున్నాను" అంది.

నేను ఒక్కసారే చెప్పాను. మూడుసార్లు చెప్పిన మనిషి ముందు నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ నా మాట ఎవరూ వినరని కుములుతూ వచ్చాను. వినకపోతే వినకపోయారు, ఆ తరవాత నేనేం చేస్తున్నాను? వద్దన్న పనిని నా చేత్తోనే, ఎవరూ వంక పెట్టలేనంత శుభ్రంగా చేసిపెడుతున్నాను. అలిసిపోయేది చెప్పీ చెప్పీ కాదు. చెప్పాక చేసినదానికి.

ఇంతలో సెజార్ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. "ఇందాకటి ఆసామి ఫోన్ చేశాడు. తప్పుడుది పోశావట. కంపెనీ వాళ్లకు ఏదో ఒకటి చూపించాలి. సంతకం పెట్టు, ఉత్త హెచ్చరికే." అలాంటివి మూడైతే ఉద్యోగం ఉండదని ఇద్దరికీ తెలుసు. కలం నా చేతిలో పెట్టాడు.

"ఆ ఫోన్ చేసింది మా ఆయన" అంది గ్రిసెల్దా, లేచి నిలబడి. "ఈమె వద్దంది. నేను విన్నాను. పొయ్యమంది ఆయన, ఆ తరవాత మీరు. కాగితం రాస్తే అదీ రాయండి. కింద నా పేరు పెట్టుకోండి."

సెజార్ నన్నూ ఆవిడనూ మార్చి మార్చి చూశాడు. మెకానిక్ పికప్ వచ్చి హారన్ కొట్టింది. ఆవిడ డబ్బా తీసుకుని, నా భుజం ఒకసారి నొక్కి, వెళ్లి ఎక్కింది. సముద్రం ఇంకా రెండు రోజుల దారి. ఆ మాట అన్నాక ఆయన పక్కన ఆ రెండు రోజులూ ఎలా కూర్చుంటుందోనని నాకు గుబులేసింది. ఆవిడ మాత్రం వెనక్కి చూడలేదు.

సెజార్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరేలే. వచ్చేసారి జాగ్రత్త."

"వచ్చేసారి నేను పోయను."

"కస్టమరు పట్టుబడితే?"

కలం అతని చేతిలో పెట్టాను.

"మీ చేత్తో మీరే పోద్దురు గాని."