పిన్నిగారి ఫోన్

బుధవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు తార పెదవులు వాచాయి. కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళోని ఆ ఇంట్లో అప్పుడు మూడేళ్ళ తార, ఆమెను చూసుకునే విమలకుమారి తప్ప ఎవరూ లేరు.

ముందురోజు ఎవరో ఇచ్చి వెళ్ళిన స్వీట్ల డబ్బా వంటగది గట్టు మీద ఉంది. తార స్టూలెక్కి అందులోంచి కాజూ బర్ఫీ ముక్క ఒకటి నోట్లో పెట్టుకుంది. విమలకుమారి పప్పులో పోపు వేసి వెనక్కి తిరిగేసరికి పిల్ల మెడ గోక్కుంటోంది. చూస్తూండగానే కళ్ళు మూసుకుపోయాయి. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు వచ్చింది. పిల్లకు జీడిపప్పు పడదన్న సంగతి ఆ రోజు దాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

విమలకుమారి పిల్లను చంకనేసుకుంది. ఫోన్ ఆమె మెడలోనే, నల్లతాడుకు వేలాడుతూ ఉంది. తొమ్మిది నొక్కింది. అంకె పడలేదు. మళ్ళీ నొక్కింది. తెర మీద చిన్న సున్నా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"యేసయ్యా," అంది. "ఎల్లట్లేదు, ఫోను ఎల్లట్లేదు... యేసయ్యా!"

తెర నల్లబడింది. ఆమె చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తింది. పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ తలుపు తీసి, పిల్ల ముఖం చూసి, మాట అడక్కుండా తన ఫోన్ అందుకుంది. అంబులెన్స్ కంటే ముందు ఫైరింజన్ వచ్చింది. అందులోంచి దిగినతను తార తొడలోకి సూది వేశాడు. నాలుగింటికి పిల్ల ఆసుపత్రి మంచం మీద కూర్చుని జ్యూస్ అడిగింది.

సాయంత్రం ఏడింటికి అందరూ ఇంటికి వచ్చారు. తల్లి ప్రణీత పిల్లను పడుకోబెట్టి వంటగదిలోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె ముక్కు ఎర్రబడింది. తండ్రి శ్రీహర్ష అప్పటికే భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"డాక్టర్ ఏమన్నారో తెలుసా పిన్నిగారూ? ఇంకో ఐదు నిమిషాలు లేట్ అయితే చెప్పలేం అన్నారు. ఫోన్ మెళ్ళోనే ఉంది కదా? నైన్ వన్ వన్ కాల్ చెయ్యడానికి ఎంతసేపు?" అంది ప్రణీత విమలకుమారితో.

"నొక్కానండీ. అది కదల్లేదు. గుండ్రంగా తిరుగుతానే ఉంది."

"కదలదు మరి. రోజూ ఆ చర్చ్ వీడియోలు, ప్రేయర్ ఫార్వర్డ్‌లు అన్నీ దాచుకుంటారు. స్లో అవదూ?"

శ్రీహర్ష ఫోన్ తీసుకుని చూశాడు. "స్టోరేజ్ ఆల్మోస్ట్ ఫుల్. గుడ్ మార్నింగ్ బొమ్మలే గుట్టలున్నాయి. ఎవరు పంపిస్తారండీ మీకు ఇన్నేసి?"

"మా సంఘం వాళ్ళండి. అయ్యన్నీ తీసేస్తానండి."

"తీసేయండి. మండేకల్లా ఫోన్ ఫాస్ట్‌గా ఉండాలి. ఎలా చెయ్యాలో వీడియో పంపిస్తాను, చూసి చెయ్యండి."

ప్రణీత నీళ్ళు తాగి గ్లాసు సింకులో పెట్టింది. "ఆ నిలబడి యేసయ్యా యేసయ్యా అనుకునే టైంలో డైరెక్ట్‌గా పరిగెత్తుంటే అయిపోయేది," అంది.

శ్రీహర్ష తలెత్తి భార్య వైపు చూశాడు. "నువ్వు వెళ్ళి పడుకో ప్రణీ," అన్నాడు.

విమలకుమారి తన గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. తను యేసయ్యా అనుకున్న సంగతి ప్రణీతకు ఎవరు చెప్పారో ఆమెకు అర్థం కాలేదు. ఇంట్లో పిల్ల తప్ప ఎవరూ లేరు. పక్కింటావిడకు తెలుగు రాదు. కెమెరా వీధి తలుపు బయట మాత్రమే ఉంది. తనే కంగారులో ఆసుపత్రిలో చెప్పిందేమో అనుకుంది.

విమలకుమారిది పాలకొల్లు. కూతురు షారన్ పెట్టిన కాగితాల మీద గ్రీన్ కార్డు వచ్చి, భర్త పోయిన మరుసటి ఏడు ఇక్కడికి వచ్చింది. షారన్ దగ్గర్లోని ట్రేసీ ఊళ్ళో నర్సు. అల్లుడు కెన్నీ సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఆరు నెలల క్రితం ఉద్యోగం పోయింది. ఆ నెలలోనే ఆమె ఈ ఇంట్లో పనికి చేరింది. సోమవారం పొద్దున్న వచ్చి శుక్రవారం సాయంత్రం వెళుతుంది. పిల్లను చూడాలి, వంట చేయాలి, బట్టలు మడతపెట్టాలి. రోజుకు నూట ముప్పై డాలర్లు.

మొదటి రోజు జీతం మాట రాకముందే ప్రణీత ఊరు అడిగింది. ప్రణీత అమ్మమ్మగారిది నరసాపురం. "అయితే మీరు మా అమ్మ వైపు. నాకు పిన్ని అవుతారు," అని అక్కడికక్కడే వరస కలిపింది. విమలకుమారికి సంతోషమైంది. తారకు అమ్మమ్మ అయింది. వరస కుదిరాక మిగతావన్నీ దాన్నిబట్టే నడిచాయి. పిల్లకు జ్వరమొస్తే తెల్లవార్లూ కూర్చున్నందుకు పిన్నిగారు డబ్బు అడగలేదు. శుక్రవారం అతిథులొస్తే శనివారం దాకా ఆగిపోయినందుకూ అడగలేదు. గంటకు ఎంత పడుతుందో రెండు వైపులా ఎవరూ లెక్క వేయలేదు.

క్రిస్మస్‌కు వాళ్ళిద్దరూ ఆమెను సోఫాలో కూర్చోబెట్టి పళ్ళెంలో రెండు యాపిల్ పళ్ళు, జాకెట్టు ముక్క, ఫోన్ పెట్టి ఇచ్చారు. ఫోన్ శ్రీహర్ష అంతకుముందు వాడింది. "పాత మోడలే, కానీ కండిషన్ బాగుంది. ఎప్పుడూ మెళ్ళోనే ఉంచుకోండి పిన్నిగారూ, పాప కోసం," అన్నాడు. తాడు కూడా ఆయనే తగిలించాడు. ఆ రాత్రి ఆమె షారన్‌తో, "సొంత ఆడపడుచుకి పెట్టినట్టు పెట్టారే," అని చెప్పింది, అదే ఫోన్‌లో.

గురువారం తార మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు విమలకుమారి శ్రీహర్ష పంపిన వీడియో పెట్టుకుని కూర్చుంది. అందులో మనిషి చెప్పినవన్నీ వరసగా చేసింది. ఫోన్ ఆపి మళ్ళీ వెలిగించింది. వాడని యాప్‌లు తీసేసింది. అప్‌డేట్ చేసింది. వాక్యాలు రాసిన పువ్వుల బొమ్మలు తీసేసింది. పాలకొల్లు సంఘం యూత్ వాళ్ళ పాటలు తీసేసింది. అయినా ఒక మెసేజ్ తెరుచుకోవడానికి ఆమె రెండు తువ్వాళ్ళు మడతపెట్టేంత సేపు పట్టింది.

అన్నిటికంటే పెద్ద వీడియో ఒకటి మిగిలింది. భర్త చనిపోయిన ఏడాదికి ఊళ్ళో పెట్టిన జ్ఞాపకార్థ కూడిక అది. గంటన్నర ఉంది. పాస్టరుగారి ప్రార్థన, తోటి లారీ డ్రైవర్లు ఒక్కొక్కరే లేచి ఆయన గురించి చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. ఊళ్ళో అది తీసిన కుర్రాడి దగ్గర ఇప్పుడు లేదు. ఆమె కాసేపు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తార గదిలోంచి దగ్గు వినిపించింది. డిలీట్ నొక్కింది.

ఫోన్‌లో మార్పు రాలేదు.

ఆదివారం ట్రేసీ తెలుగు సంఘంలో ఆరాధన అయ్యాక, అందరూ బిర్యానీ ప్లేట్లు పట్టుకుని బయట బల్లల దగ్గర కూర్చున్నప్పుడు, ఆమె ఫోన్ కెన్నీకి ఇచ్చింది.

కెన్నీ తెర మీద వేలు పెట్టి ఎదురుచూశాడు. "ఇది నాకంటే అన్యాయంగా ఉంది అత్తయ్యా. నాకైనా రెండు వారాలకొకసారి రిజెక్ట్ మెయిల్ వస్తోంది."

"నవ్వులాట కాదు బాబూ. రేపటికి ఫాస్ట్ అవ్వాలన్నారు."

"అన్నీ తీసేశారుగా, ఖాళీగానే ఉంది. ఆగండి, బ్యాటరీ ఎవరు తింటున్నారో చూద్దాం."

చూస్తూ చూస్తూ అతను మాట్లాడటం ఆపాడు. ప్లేటు పక్కన పెట్టాడు. ఫోన్ తీసుకుని పార్కింగ్‌లో ఉన్న కారు దాకా నడిచి, డాష్‌బోర్డు అరలో పెట్టి, తలుపు వేసి తిరిగొచ్చాడు.

"ఏంటి, అక్కడెట్టావు?" అంది షారన్.

"వింటుంది కాబట్టి." అతను గొంతు తగ్గించాడు. "అందులో ఒక యాప్ ఉంది. సిస్టమ్ హెల్పర్ అని పేరు పెట్టారు గానీ అది ఫోన్‌తో వచ్చింది కాదు, ఎవరో వేసింది. మైక్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. అత్తయ్య ఎక్కడుందో నిమిషానికోసారి పంపిస్తుంది. ఎవరైనా మాట్లాడితే రికార్డ్ చేసి పంపిస్తుంది. ఇక వేరే పని చెయ్యడానికి ఆ పాత ఫోన్‌కి ఓపికెక్కడిది? క్రిస్మస్ ముందునుంచీ ఉంది అది."

విమలకుమారి చేతిలో చెంచా అలాగే ఉంది. "అంటే, ప్రణీతమ్మగారికి యేసయ్యా అన్నమాట..." అని ఆగింది.

"వినుంటారు."

"నేను ఎల్లట్లేదు, ఎల్లట్లేదు అని అరిచాను బాబూ. అదీ ఇనుంటారు కదా?"

కెన్నీ కారు వైపు తల తిప్పాడు.

ఆమె మోకాళ్ళ నొప్పి సంగతి షారన్‌కు చెప్పింది ఆ ఫోన్‌లోనే. వాళ్ళింట్లో మిగిలిన కూర తనకే పెడతారని చెల్లెలితో నవ్వుతూ చెప్పిందీ అందులోనే. స్నానానికి వెళ్ళినప్పుడు తలుపు గొళ్ళానికి తగిలించేది. పొద్దున్నే మోకరించినప్పుడు మెడలోనే ఉండేది.

"మనవాళ్ళేనే," అంది షారన్‌తో. "ఇలా చేస్తారంటావా?"

షారన్ నైట్ డ్యూటీ చేసి నేరుగా ఆరాధనకు వచ్చింది. కళ్ళు నలుపుకుంది. "అమ్మా, గురువారం ఈయనకి ఇంటర్వ్యూ. శ్రీహర్షగారే రిఫర్ చేశారు, వాళ్ళ టీమ్‌లోనే. ఆరు నెలల్లో వచ్చింది ఇదొక్కటే. రేపు ఏమీ తెలీనట్టు వెళ్ళు."

"ఫోన్ ఫాస్ట్ అవ్వాలన్నారు కదే."

"ఇంకొన్ని డిలీట్ చేశానని చెప్పు."

"ఇంకేమున్నాయే చెయ్యడానికి? మీ నాన్న కూడిక కూడా తీసేశాను."

షారన్ తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత బల్ల మీది కాగితపు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టడం మొదలుపెట్టింది.

"ఇక్కడ ఇలా రికార్డ్ చెయ్యడం నేరం అత్తయ్యా," అన్నాడు కెన్నీ. "కానీ ఇప్పుడు కదిపితే... యాప్ తీసేసిన వెంటనే వాళ్ళ ఫోన్‌కి మెసేజ్ వెళ్ళిపోతుంది. గురువారం అయిపోనివ్వండి. తర్వాత నేనే తీస్తా."

"ఈలోపు పాపకి మళ్ళీ అలాగైతే?"

"నాలుగు రోజులే కదా."

"మొన్న అయిదు నిమిషాలన్నారు బాబూ డాక్టరు."

ఎవరో టీ కప్పులు తెచ్చి పెట్టి, ప్రైజ్ ద లార్డ్ చెప్పి వెళ్ళారు. ఆ మనిషి వెళ్ళేదాకా విమలకుమారి ఆగింది.

"ఎక్కడ నొక్కాలో చూపించు."

"అత్తయ్యా..."

"చూపించు బాబూ. నువ్వు తియ్యొద్దు. నీ చెయ్యి పడొద్దు దాని మీద."

కెన్నీ తన ఫోన్ తీసి, అందులో చూపించాడు. ముందు ఇక్కడ, తర్వాత ఇక్కడ, చివర అవును అని. ఆమె అతని ఫోన్ మీద వేలు ఆనించకుండా గాలిలోనే రెండుసార్లు చేసి చూసుకుంది. షారన్ లేచి చెత్తడబ్బా వైపు వెళ్ళింది.

సోమవారం పొద్దున్న ఏడింటికి కెన్నీ ఆమెను డబ్లిన్‌లో దింపాడు. కారు దిగేటప్పుడు అతను, "జాగ్రత్త," అన్నాడు.

శ్రీహర్ష లాప్‌టాప్ సంచీ సర్దుకుంటున్నాడు. అతని ఫోన్ బల్ల మీద ఉంది. ప్రణీత కాఫీ కలుపుతోంది. తార ఇంకా లేవలేదు.

"ఫోన్ ఎలా ఉంది పిన్నిగారూ? ఫాస్ట్ అయిందా?" అన్నాడు శ్రీహర్ష.

విమలకుమారి మెడలోంచి తాడు తీసి ఫోన్‌ను గట్టు మీద పెట్టింది. "అవలేదండి. అయ్యన్నీ తీసేశాను. ఒక్కటి మిగిలింది. అది నేనెట్టుకున్నది కాదు."

ప్రణీత చెంచా తిప్పడం ఆపింది.

"పిన్నిగారూ, ఇది... మీరు అపార్థం చేసుకోవద్దు. సేఫ్టీ కోసం. ఇక్కడ ప్రతి ఇంట్లో నానీ క్యామ్ అని కెమెరా ఉంటుంది. మేమిద్దరం ఆఫీస్‌లో ఉంటాం, పిల్ల ఒక్కతే..." అంది.

"గోడకెట్టుకోండమ్మా. నాకు కనపడతాది. నా మెళ్ళో ఎందుకు కట్టారు?"

"చెప్తే మీరు ఫీల్ అవుతారని," అన్నాడు శ్రీహర్ష.

"బుధవారం అదెందుకు కదల్లేదో మీకు తెలుసు బాబూ. ఆ సాయంత్రమే తెలుసు. యేసయ్యా అన్నది ఇన్నారు. ఎల్లట్లేదు అన్నదీ ఇన్నారు. ఇని, నా పాటల మీదకి నెట్టారు. నేను నమ్మాను."

ప్రణీత గట్టు పట్టుకుంది. "మేం ఆ రోజు ఏ స్టేట్‌లో ఉన్నామో మీకేం తెలుసు?" అంది.

"నా చంకలో ఉందమ్మా పిల్ల."

శ్రీహర్ష సంచీ జిప్ వేశాడు. "చూడండి, థర్స్‌డే కెన్నీ ఇంటర్వ్యూ ఉంది. నేను మేనేజర్‌తో మాట్లాడి పెట్టాను. ఇప్పుడు ఇదంతా అవసరమా? ఫోన్ సంగతి నేను ఈవెనింగ్ చూస్తాను. ఇలా ఇవ్వండి పిన్నిగారూ."

అతను చెయ్యి చాచాడు. విమలకుమారి ఫోన్ తీసుకుంది. అతని చేతిలో పెట్టలేదు.

"విమలకుమారి అండి నా పేరు," అంది.

ముందు కెన్నీ చూపించిన మొదటి చోట నొక్కింది. సున్నా తిరిగింది. ముగ్గురూ నిలబడి ఉన్నారు. రెండో చోటు వచ్చింది, నొక్కింది. తీసేయమంటారా అని ఫోన్ అడిగింది. అవును నొక్కింది.

తెర ఆరి, వెలిగింది.

బల్ల మీద శ్రీహర్ష ఫోన్‌కు మెసేజ్ వచ్చిన చప్పుడైంది. ఏడు గంటల ఇరవై నిమిషాలైంది. పైగదిలో తార నిద్ర లేచి, "అమ్మమ్మా," అని పిలిచింది.