చేపల పెట్టెలో కోడిపిల్లలు

నేను ఒక చేపల పెట్టెను. థర్మకోల్‌తో చేసిన తెల్లటి, తేలికైన పెట్టెను. అచ్చులోంచి బయటపడిన రోజు నుంచి మంచుగడ్డల మధ్యే బతికాను. రవ్వ, బొచ్చె చేపలను మోస్తూ లారీల్లో తిరిగి, మూత అంచు విరిగాక వరంగల్‌లో ఒక చేపల దుకాణం వెనక పడి ఉన్నాను. బోరు మోటార్లు బాగుచేసే మొగిలి నన్ను చూసి, మట్టి నింపి కొత్తిమీర చల్లుకోవడానికి పనికొస్తానని భార్య కనకమ్మకు తెచ్చిచ్చాడు.

నాలో మట్టి పడకముందే ఆ ఇంట్లో ఘోరం జరిగింది. గంపలో పొదుగుతున్న నల్లపెట్టను పొద్దున్నే ముంగిస పట్టుకుపోయింది. ఎండాకాలంలో తెగులు తగిలి కోళ్ళన్నీ పోగా కనకమ్మకు మిగిలింది ఆ పెట్ట ఒక్కటే. దాని కింద పదిరోజులుగా పొదిగిన పదకొండు గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

కనకమ్మ ఏడవలేదు. గుడ్లను కొంగులో చుట్టుకుని నా వైపు చూసింది.

“ఇగో, గీ డబ్బాల బల్బు పెట్టు. ఫోన్‌ల చూసిన, గిట్లనే పిల్లల్ని తీస్తున్నరు.”

“కోడి చేసే పని చేపల డబ్బా చేస్తదా?” అని మొగిలి పకపకా నవ్వాడు. నవ్వుతూనే వైరు కోశాడు, హోల్డరు బిగించాడు, గాలి ఆడటానికి నా పక్కలకు చిల్లులు పొడిచాడు. ఎగతాళి చేస్తూ కూడా మనుషులు పని ఇంత శ్రద్ధగా చేస్తారని అప్పుడే తెలిసింది.

జన్మలో మొదటిసారి నాకు వెచ్చదనం తెలిసింది! కనకమ్మ ఒక గిన్నెలో నీళ్ళు పెట్టింది. ప్రతి గుడ్డుకూ పెన్సిలుతో గీత గీసి, రోజుకు మూడుసార్లు తిప్పేది. కనురెప్పకు ఆనించి వేడి చూసేది. పెట్ట పొదిగిన రోజులతో కలిపి పద్నాలుగో రోజు తలుపులు మూసి, గుడ్ల వెనక ఫోను లైటు పట్టింది. ఒకటి ఖాళీ. మిగతా పదింటిలో ఎర్రటి నరాలు, వాటి మధ్య కదిలే నల్లటి మచ్చ.

“కదులుతున్నయే!” అని అరిచింది మొగిలే.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని, సాయంత్రం దాకా రాదని కబురు. అసలే చలికాలం. నా గోడలు నిమిష నిమిషానికీ చల్లబడుతున్నాయి. కనకమ్మ వేడినీళ్ళ సీసాలు పెట్టినా చాలలేదు. మొగిలి చొక్కా విప్పి, పది గుడ్లనూ పొట్టకు ఆనించుకుని దుప్పటి కప్పుకుని ఎండలో కూర్చున్నాడు.

అంతలో ఒక రైతు వచ్చి పిలిచాడు. “మొగిలన్నా, మోటరు పాడైంది, జర రావే.”

“లేవరాదు తమ్మీ. గుడ్ల మీదున్న.”

రైతు దుప్పటి అంచు ఎత్తి చూసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. కరెంటు వచ్చేదాకా మొగిలి మూడు గంటలు కదల్లేదు.

ఇరవైఒకటో రోజు తెల్లవారాక నాలో టక్కుమని చప్పుడు. మళ్ళీ టక్! ఒక పెంకు మీద చిన్న నెర్రె, అందులోంచి గోరంత ముక్కు. నాకు ఊపిరుంటే ఆగిపోయేదే! పొద్దు వాలేసరికి తొమ్మిది పిల్లలు తడి ఆరి, బొంగరాల్లా నాలో తిరుగుతున్నాయి.

పదోది మర్నాటికీ పగల్లేదు. “ఇగ రాదు” అని కనకమ్మ దాన్ని తీయబోయింది. మొగిలి అందుకుని చెవికి ఆనించుకున్నాడు. అతని ముఖం వెలిగింది.

“ఆగు కనకా! లోపల కిచకిచమంటంది!”

మధ్యాహ్నానికి అదీ వచ్చింది, తూలుతూ, అరుస్తూ. కనకమ్మ అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు ఆ పది పిల్లలూ వాకిట్లో గింజల కోసం పోట్లాడుకుంటున్నాయి. వాటి ముక్కుపోట్లు నా లోగోడల నిండా ఉన్నాయి. ఈ ఉదయం పక్కింటి రాజవ్వ కొంగులో గుడ్లతో వచ్చి అడిగింది. “కనకక్కా, డబ్బా ఖాళీగుందా?”

కనకమ్మ నోరు తెరవకముందే మొగిలి అందుకున్నాడు. “రోజుకు మూడుసార్లు తిప్పాలె. నీళ్ళగిన్నె ఎండొద్దు. కరెంటు పోతె నన్ను పిలువు.”

రాజవ్వ ఇంట్లో నాలో మళ్ళీ బల్బు వెలిగింది. ఇది ఒకటో రోజు. ఇంకా ఇరవై రోజులు ఎలా ఆగడం!