పడవ ముక్కు మీద పిల్ల

రాజబాబు ఎక్కడని ఎవరడిగినా, అతని భార్య విజయకుమారి "కోడూరెళ్ళాడండీ" అనేది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజను పడవలు సముద్రం మీదికి వెళ్ళకూడని ఆ రెండు నెలలూ పాలెంలో ఆడాళ్ళందరిదీ అదే జవాబు. పట్టుబడితే పడవ పోతుంది. అందుకే ఎవరింట్లో చేపల పులుసు వాసనొచ్చినా పక్కవాళ్ళు తెలియనట్టే ముఖం తిప్పేసుకునేవారు.

అంత గుట్టు తెలిసిన మనిషి ఒక సీరియల్ దగ్గర నోరు జారింది.

అందులో పిల్లకి పాలు లేక ఒకడు నిషేధం రోజుల్లోనే పడవ తీస్తాడు. పెళ్ళాం కొంగు నోట్లో కుక్కుకుని ఒడ్డున నిలబడుతుంది. మొన్న సోమవారం తెల్లారకముందు విజయకుమారీ అచ్చం అలాగే నిలబడింది. సీరియల్ అయ్యాక, మూడేళ్ళ కూతురు తేజస్విని ఒళ్ళో కునుకు తీస్తుంటే, ఫేస్‌బుక్‌లో ఆ సీను కింద జనం ఏమన్నారో చూసింది.

"అంతా అబద్ధం. నిషేధంలో పడవలెక్కడ కదుల్తాయి? రాసినోడు సముద్రం చూశాడా?" బందరు శ్రీకృష్ణ అట ఆయన పేరు.

"వెళ్తారండీ. ఇంట్లో జరగకపోతే ఏం చేస్తారు?" అని పెట్టింది.

"మేడం గారు సముద్రాన్ని ఏ ఛానల్లో చూశారో!" అన్నాడాయన.

కింద నవ్వే బొమ్మలు వరస కట్టాయి. "పొయ్యి మీద అన్నం మాడుతోందేమో చూస్కో అక్కా" అన్నారింకెవరో. ఎనిమిదిలో బడి మాన్పించిన దగ్గర్నుంచీ ఎవరేమన్నా తల దించుకోవడమే ఆమెకి తెలుసు. ఆ పూట దించబుద్ధి కాలేదు.

"మాది కోడూరు దగ్గరండీ. మా ఆయన సోమవారమే వేటకెళ్ళొచ్చాడు. ఇదిగో" అని ఫోటో పెట్టింది. పడవ ముక్కు మీద తేజస్విని, చేతుల్లో పండుగొప్ప చేప. పిల్ల కాళ్ళ పక్కనే పడవ నంబరు.

నలభై రెండు లైకులు. ఆమె మాటకి అంతమంది ఔననడం అదే మొదలు.

మూడోనాడు జీపొచ్చింది. ఫిషరీస్ ఆయన తన సెల్లు చూపించి, "ఇది మీరు పెట్టిందేనామ్మా?" అన్నాడు మెత్తగా.

"సీరియల్ గురించండీ... మాటా మాటా వచ్చి..."

"పడవ నాదేనండీ" అన్నాడు రాజబాబు వెనకనుంచి.

దాంతోపాటు తడి వలలు కనిపించిన ఇంకో మూడు పడవలు పట్టుకెళ్ళారు. పడవ పోయిన పక్కింటి ఎల్లమ్మ వాకిట్లోకొచ్చి, "నీ సీరియల్ బానే ఉందా తల్లీ?" అని తలుపేసుకుంది.

రాజబాబు అరవలేదు. ఖాళీ ఒడ్డుకేసి చూస్తూ అడిగాడు. "మా అమ్మకి కూడా కోడూరనే చెప్పావు. ఆ బందరోడికెందుకు చెప్పావే?"

"నమ్మలేదు బావా."

"నమ్మకపోతే?"

ఆమె ఆ ఫోటో చెరిపేద్దామని ఫోను తీసింది. శ్రీకృష్ణ అప్పుడే పెట్టాడు: "సారీ అండీ, మీరే కరెక్ట్. మావాళ్ళందరికీ షేర్ చేశాను."

తేజస్విని తెర మీద వేలు పెట్టి, "అమ్మా, మన పడవ" అంది.