బావ కుట్టిన కారు

రండి, రండి, దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలు ఆపండమ్మా. గోడకి ఆనుకున్న పెద్దాయనా, దగ్గేదుంటే ఇప్పుడే దగ్గేయండి, మధ్యలో దగ్గితే నాకు కథ తెగిపోతుంది.

మా బావ దర్జీ. ఆయన కుట్టు ఎంత సన్నమంటే, దాని మీద నడవాలంటే చీమ కూడా కళ్లజోడు పెట్టుకోవాలి. మా అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు పట్నం ఆస్పత్రిలో మిషను మీద రక్తం శుభ్రం చేయించాలి. ఒక్కసారి తప్పినా ఒళ్లంతా నీరు పట్టి ఊపిరి ఆడదు. అందుకే బావ ఓ పాత కారు కొన్నాడు.

ఆ కారులో ముందు చక్రాన్ని తిప్పే ఇనుపకడ్డీ ఉంటుంది, డ్రైవ్ షాఫ్టు. దాని కీలు మీద గ్రీజు నిలవడానికి రబ్బరు తొడుగు. అది చిరిగింది. ఎవరైనా కొత్తది వేయిస్తారు. మా బావ సూదీ దారం తీసి కుట్టేశాడు! పైగా, "చూడరా, అతుకు కనపడుతోందా?" అని మురిసిపోయాడు. సూది బెజ్జాల్లోంచి గ్రీజంతా కారిపోయి, కీలు అరిగి, సరిగ్గా అక్కని తీసుకెళ్లాల్సిన పొద్దున గేటు దగ్గరే టకటకమని కొట్టుకుని కారు ఆగిపోయింది.

అంబులెన్సు వేరే ఊరెళ్లిందన్నారు. మెకానిక్కేమో కాలు విరిగి మంచం మీదున్నాడు. "నా షెడ్డులో పాత షాఫ్టుంది, పట్టుకెళ్లి మీరే వేసుకోండి. గేర్ బాక్సులోకి దిగినప్పుడు ఠక్కుమనాలి. అనలేదా, దారిలో ఊడొస్తుంది," అన్నాడు.

భుజాన వేసుకుని తెచ్చాను. చక్రం మధ్య నట్టు మీద రాడ్డు పెట్టి ఇద్దరం ఎక్కి నిలబడితే, నట్టు కదల్లేదు గానీ భూమే కొంచెం తిరిగినట్టనిపించింది. ఎలాగో వదిలింది. జాకీ ఎత్తి, చక్రం తీసి, అరిగిన షాఫ్టు లాగితే గేర్ ఆయిలంతా అక్క పెద్ద గిన్నెలోకి కారింది. అక్కేమో గుమ్మంలో కుర్చీలో కూర్చుంది, పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. మాట మాటకీ ఎగశ్వాస.

నాకు నవ్వు పోయింది.

నేను తెచ్చిన షాఫ్టు కొన గేర్ బాక్సు దగ్గర పెట్టాడు బావ. సూదిలో దారం ఎక్కించే అలవాటు కదా, కొనని నాలుకతో తడపబోయాడు!

"ఛీ, ఆయిల్ బావా!"

మెల్లగా తోశాడు. తిప్పి తోశాడు. లోపలికైతే వెళ్లింది, ఠక్కు మాత్రం లేదు.

"గట్టిగా పొడువు బావా!"

"విరిగితే? ఇంకోటి లేదురా." షాఫ్టు వదిలి చేతులు చూసుకున్నాడు. "నా చేతికి కోయడం తెలుసు, కుట్టడం తెలుసు. కొట్టడం రాదు."

"ఏవండీ," అంది అక్క. మేమిద్దరం తిరిగాం. "ఆ రబ్బరుకి కుట్లేసినప్పుడు... నోరు మూసుకున్నా. ఇప్పుడు మూసుకోను. నాకు ఊపిరి అందట్లేదు. కొట్టండి."

బావ షాఫ్టు వెనక్కి లాక్కుని, కళ్లు మూసుకుని, ఒళ్లంతా బరువేసి ఒక్క పోటు పొడిచాడు.

ఠక్!

వీధి చివర కుక్క కూడా లేచి నిలబడింది. బావ అక్కడే, మట్టిలో కూలబడి ఏడ్చేశాడు. నేను చక్రం ఎక్కించి, నట్టు బిగించి, షెడ్డులోంచి తెచ్చిన ఆయిలు పోసి, అక్కని ఎత్తుకుని వెనక సీట్లో కూర్చోబెట్టాను.

దారంతా ముగ్గురం చక్రం చప్పుడే వింటూ కూర్చున్నాం.

ఆస్పత్రిలో నర్సమ్మ అక్కని చూస్తూనే, "ఇంకాస్త ఆగి తేవాల్సింది, ఏకంగా మోసుకెళ్లేవాళ్లు!" అని తిట్టి మిషనుకి తగిలించింది. చాలాసేపటికి అక్క ఊపిరి నెమ్మదించింది, కళ్లు తెరిచి బావ కోసం వెతికింది. బావ తలుపు బయటే నిలబడ్డాడు, లోపలికి రావడానికి మొహం చెల్లక. మోచేతుల దాకా నల్లటి గేర్ ఆయిలు, వేళ్ల చివర్ల నుంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది.

పక్క బెంచీ మీద ఎవరి కోసమో వచ్చిన పెద్దమనిషి ఆ చుక్కల్నీ బావ మొహాన్నీ మార్చి మార్చి చూసి, గబుక్కున లేచి నర్సమ్మని కేకేశాడు:

"అమ్మా, ఆవిణ్ణి తర్వాత చూద్దురు గానీ, ముందు ఈయన్ని ఎక్కించండి మిషను! రక్తం ఎంత నల్లబడిపోయిందో చూడండి!"