రెండు గదుల్లో రెండు మాటలు

కార్మిక శాఖ కార్యాలయంలో ఉక్కు తగాదాలకు రెండు గదులున్నాయి. పై గదిలో ధర తేలుస్తారు, కింది గదిలో జీతం తేలుస్తారు. పైన చెప్పింది కింద ఎవరూ అడగరు, కింద చెప్పింది పైన ఎవరికీ పట్టదు. రెండు గదులకూ టైపిస్టు మాత్రం ఒక్కతే.

ఆమె తమ్ముడు ఒక ఉక్కు కంపెనీలో కొలిమి పనివాడు. ఏళ్లుగా పెరగని జీతంతో ఇల్లు గడవక వరసగా రెండు షిఫ్టులు చేస్తూ, కళ్లు తిరిగి, కరిగిన ఉక్కు పారే కాలువలో పడ్డాడు. ఇంటికి తెచ్చిన పెట్టె మూత తీయనివ్వలేదు. నెల తిరగకుండానే ఆమె పనిలోకి వచ్చింది. ఎవరి దగ్గరా ఏడవలేదు.

ఆ రోజు కింది గదిలో, జీతం తేల్చే అధికారి ముందు, ఆ కంపెనీ మేనేజరు ఎప్పటి పాటే పాడాడు.

"ఇన్నేళ్లుగా పెంచలేదంటే ఊరికే కాదు సార్. ఇప్పుడు చిల్లిగవ్వ పెంచినా ఫ్యాక్టరీకి తాళం వేసుకోవాల్సిందే."

కార్మికుల తరఫున వచ్చిన ముసలి మేస్త్రి, "తమరి కారుకు కూడా వేస్తారా బాబూ?" అన్నాడు. అధికారి నవ్వు ఆపుకున్నాడు.

సంతకాలకు ముందు ఫైల్లో కాగితాలన్నీ పైకి చదవాలని నియమం. పదేళ్లుగా ఎవరూ చదవలేదు. "చదివినట్టే అనుకుందాం" అంటాడు అధికారి, అందరూ లేస్తారు. ఆ రోజూ అదే అన్నాడు.

"చదువుతానండీ," అంది టైపిస్టు.

మేనేజరు వాచీ చూసుకున్నాడు. ఆమె ఎవరి అక్కో అతనికి తెలియదు. నాలుగు కాగితాలు చదివి ఆమె అయిదోది తీసింది.

"'ఏడాది మొదటి నుంచి కార్మికులందరికీ జీతం పావు వంతు పెంచి ఇస్తున్నాం. అందుచేత ఉక్కు ధర పెంచుకోనివ్వాలి. ఇది ప్రమాణం చేసి చెబుతున్నాను.'"

"అది పై గదిది," అన్నాడు మేనేజరు. "ఇక్కడికెందుకొచ్చింది?"

"కంపెనీ ఒకటే, సంతకం ఒకటే. ఫైలూ ఒకటే చేశానండీ."

"దాన్ని పక్కన పెట్టమ్మా," అన్నాడు అధికారి.

"చదివాక తీయకూడదని మీ ఆర్డరే ఉంది సార్. రెండిట్లో ఏది అబద్ధమో ఆయన్నే చెప్పమనండి, అది కొట్టేస్తాను."

పైది అబద్ధమంటే పెంచుకున్న ధర పోతుంది, జైలు కూడా ఉంది. కిందిది అబద్ధమంటే ఏడాది మొదటి నుంచి అందరికీ పెంచామన్న జీతం కట్టాలి. మేనేజరు అధికారి వైపు చూశాడు. అధికారి కిటికీ వైపు చూశాడు.

"జీతాలు పెంచామన్నదే నిజం," అన్నాడు మేనేజరు చివరికి.

"వినపడలేదండీ."

మళ్లీ చెప్పాడు. ఆమెకు మొదటిసారే వినపడింది. అయినా మూడోసారి కూడా చెప్పించింది.